నలభై ఒక్క నల్ల బిళ్ళలు

గొల్లరేవు ప్రదర్శనశాలలో మూడువందల యాభై ఏళ్ళ మురికి పేరుకుపోయి ఉన్నదని ప్రభుత్వం వారు కనిపెట్టిన రోజున, ఆ మురికిని తెచ్చిపెట్టిన మనిషి అక్కడే, ఆ అద్దాల పెట్టె ముందే నిలబడి ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని, చంటిపిల్లని చూసినట్టు చూస్తున్నాడు.

ఆయన పేరు కొల్లోజు భద్రాచారి. డెబ్భై రెండేళ్ళు. వెండి పని. బందరుకి దిగువన సముద్రం ఒడ్డునున్న గొల్లరేవులో ఏ ఆడపిల్ల కాలి పట్టా మోగినా అందులో ఒక మువ్వైనా ఆయన అతికిందై ఉంటుంది.

ఆ ఊళ్ళోకి ఒకప్పుడు వలందా ఓడలు వచ్చేవి. హాలండు వాళ్ళని మనవాళ్ళు వలందాలన్నారు. వాళ్ళకి మన అద్దకం బట్టలంటే పిచ్చి. మనకి వాళ్ళ సరుకేదీ నచ్చలేదు, వెండి తప్ప. అందుకని వాళ్ళు బట్టలు పట్టుకుపోయి వెండి నాణేలు పోసిపోయారు. వలందాలవీ, స్పెయిను వాళ్ళవీ, ఆస్ట్రియా వాళ్ళవీ, ఐరోపాలో ఏ రాజు కొట్టించిన బిళ్ళ అయినా సరే, వెండైతే చాలు గొల్లరేవు పుచ్చుకుంది. పుచ్చుకుని గోడల్లో, కుండల్లో, దూలాల సందుల్లో దాచింది.

ఆ తరవాత రెండు మూడు వందల ఏళ్ళపాటు ఏ పాత ఇల్లు పడగొట్టినా ఒకటో రెండో నల్ల బిళ్ళలు బయటపడేవి. వాటిని నేరుగా భద్రాచారి ఇంటికి తెచ్చి, "పాపకి పట్టాలు చెయ్యవయ్యా" అనేవారు. ఆయన తండ్రి అటూ ఇటూ చూడకుండా మూసలో పడేసి కరిగించేవాడు. భద్రాచారికి ఇరవై ఏళ్ళప్పుడు మొదటి బిళ్ళ చేతికొచ్చింది. దాని మీద ఒక గుర్రం, గుర్రం మీద కత్తి ఎత్తిన రౌతు. గుర్రం తోక వెంట్రుకలు లెక్కపెట్టచ్చు. అంత పని చేసినవాడెవడో తనలాంటి కంసాలే అయి ఉంటాడని ఆయనకి అనిపించింది. కరిగించడానికి చెయ్యి రాలేదు. అంతే తూకం సొంత వెండి పెట్టి పట్టాలు చేసిచ్చి, బిళ్ళని దేవుడి గదిలో అలమరలో పెట్టుకున్నాడు.

అలా యాభై ఏళ్ళలో నలభై ఒక్కటి అయ్యాయి. ఇంగ్లీషు రాదు కాబట్టి పేర్లు ఆయనే పెట్టుకున్నాడు. గుర్రబ్బాయి, సింహం, రెండు స్తంభాల బిళ్ళ, దవడ దొర. ఈ దవడ దొర ఆస్ట్రియా చక్రవర్తి లియోపోల్డని రెండేళ్ళ కిందట ప్రదర్శనశాలకి బదిలీ మీద వచ్చిన షమీమ్ సుల్తానా చెప్పింది. కాలి పట్టా తెగితే అతికించుకోడానికి వచ్చి అలమర చూసిందా అమ్మాయి. చూసి పట్టా సంగతి మర్చిపోయింది.

"ఆచారి గారూ, వీటిని పొరపాటున కూడా కడగొద్దు. ఈ నలుపే వీటి వయసు" అంది.

"నేనెందుకు కడుగుతానమ్మా? మా ఆవిడే కడుగుతానంటుంది."

ఆయన భార్య వైకుంఠమ్మ వంటింట్లోంచి, "అవి ఉన్నంత కాలం దేవుడికి దీపం పెట్టడానికి చోటు లేదమ్మాయ్. మీ గవర్నమెంటు తీసుకుంటుందేమో అడుగు" అంది.

గవర్నమెంటు తీసుకుంది. రసీదు రాయించి ఊరికే ఇచ్చేశాడు భద్రాచారి. తన తరవాత ఎవడు కరిగించేస్తాడోనని ఆయన భయం. షమీమ్ నల్ల మఖమలు పరిచి, ఒక్కోదాని పక్కన కథ రాసి పెట్టింది. అప్పట్నించీ శనివారం శనివారం ఉతికిన చొక్కా తొడుక్కుని వెళ్ళి చూసుకొచ్చేవాడు.

అలాంటి ఒక శనివారం నాడే తళతళ పక్షోత్సవాలు ఆ గదిలోకి అడుగుపెట్టాయి.

పక్షోత్సవాలంటే పదిహేను రోజులు. ప్రభుత్వ ఆస్తులన్నీ తళతళా మెరవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పదిహేను రోజుల్లో అనుకున్నంత మెరవకపోయేసరికి మరో మూడు పక్షాలు పొడిగించారు. మెరుపు కొలవడానికి ఒక యాప్ కూడా వచ్చింది. వస్తువుని ఫోటో తీసి ఎక్కిస్తే ఎంత శాతం మెరుస్తోందో చెబుతుంది. ఎనభై దాటితే ఆకుపచ్చ. దిగితే ఎరుపు. ఎరుపు వస్తే సంజాయిషీ. దాంతో జిల్లా మొత్తం రుద్దడంలో పడింది. పశువుల ఆసుపత్రిలో ఎద్దుల కొమ్ములకి వార్నీషు వేశారు. పెద్దాసుపత్రిలో బట్టతల రోగులని ఏరి ముందు వరస మంచాల మీదికి మార్చారు. వార్డు శాతం పన్నెండు పెరిగింది.

ప్రదర్శనశాలకి ప్రత్యేకాధికారిగా తాళ్ళూరి పరాంకుశరావు గారిని వేశారు. నల్లగా రంగేసిన జుట్టు, కింద రెండు వరసల గడ్డం, మాట్లాడితే ఫైలు చదివినట్టుండే గొంతు. ఆయన వచ్చిన మొదటి వారంలోనే వరండాలోని గడ్డి కూరిన మొసలికి బూటు పాలిషు రెండు పూతలు పడ్డాయి. తాటాకు పుస్తకాలకి కొబ్బరినూనె రాశారు. వెయ్యేళ్ళనాటి రాతి శాసనం గరుకుగా ఉందని వంటింటి గ్రానైటు గట్లకి మెరుపు పెట్టేవాణ్ణి మిషనుతో సహా పిలిపించారు. నాలుగు గంటల్లో దాని మీద ఒక్క అక్షరం లేకుండా శుభ్రమైంది. తొంభై ఏడు శాతం! శాసనంలో ఏముండేదో పక్కన అట్టముక్క మీద మాత్రం మిగిలింది: "ఈ ధర్మమును చెరిపినవారు గంగ ఒడ్డున గోవును చంపిన పాపమున పోవుదురు." ఆ అట్టముక్క పక్కనే నిలబడి పరాంకుశరావు గారు ఫోటో దిగారు.

ఆ శనివారం ఆయన నాణేల పెట్టె ముందు ఆగి ఫోన్ పెట్టారు. నాలుగు శాతం.

"ఏమిటమ్మా ఇవి, ఇనప వాషర్లా?" అన్నారు.

"ఐరోపా వెండి నాణేలు సార్. పదిహేడో శతాబ్దం" అంది షమీమ్.

"వెండి అంటున్నారు. నల్లగా ఉన్నాయి."

"వయసు సార్. ఆ నలుపు తీస్తే విలువ పోతుంది."

"వయసు మాకూ ఉంది. మేం రంగు వేసుకోవడం లేదా?"

భద్రాచారి ఉండబట్టలేక ఒక అడుగు ముందుకేశాడు. "అయ్యా, ఇన్నేళ్ళ చేతుల తడి, ఉప్పుగాలి, అన్నీ కలిసి వచ్చిన నలుపండి అది. లోపలి గీతని అదే కాపాడుతోంది."

"మీరెవరు?"

"ఇవి ఇచ్చినవాణ్ణండి."

పరాంకుశరావు గారు ఆయన్ని కిందనుంచి పైకి చూశారు. "అంటే ప్రభుత్వానికి మురికి సరఫరా చేసింది మీరన్నమాట."

అని, అటెండరుని పిలిచి పెట్టె తాళం తీయించారు. ప్రయోగాత్మకంగా ఒక బిళ్ళ తియ్యమన్నారు. దవడ దొర చేతికొచ్చాడు. పళ్ళపొడి, కొబ్బరిపీచు తెప్పించారు. షమీమ్ "సార్, వద్దు సార్" అంటూనే ఉంది. అటెండరు ఉద్యోగభయం కొద్దీ శక్తంతా పెట్టి తోమాడు. సముద్రాలు దాటొచ్చి, గోడల్లో పడుకుని, మూడువందల ఏళ్ళు నిలిచిన ఆ దవడ, భద్రాచారి కళ్ళముందు పావుగంటలో చదునైపోయింది. తరవాత ముక్కు. తరవాత విగ్గు. భద్రాచారి పెట్టె అంచు పట్టుకుని నిలబడ్డాడు. తన చేతి వేళ్ళని ఎవరో ఆకురాయితో రాస్తున్నట్టుంది ఆయనకి.

ఫోన్ పెట్టారు. యాభై ఎనిమిది.

"చూశారా! ప్రయత్నలోపమే తప్ప వస్తువులో లోపం లేదు" అన్నారు పరాంకుశరావు గారు.

సోమవారం షమీమ్ ఆ నలుపు గురించి మూడు పేజీలు రాసి ఫైలు పైకి పంపింది. బుధవారానికి ఆమెకే జాబొచ్చింది. "తమరు విధినిర్వహణలో ఉండి మురికిని సమర్థించినందులకు తమపై ఏల చర్య తీసుకొనరాదో ఏడు దినములలోగా తెలుపవలెను."

అయినా ఆ మూడు పేజీల వల్ల ఒక పని జరిగింది. ఎంత మేరకు మురికి, ఎంత మేరకు నాణెం అన్న ప్రశ్న ఫైల్లోకి ఎక్కింది. ప్రశ్న ఎక్కాక సంఘం వెయ్యక తప్పదు. మురికి నిర్ధారణ ఉపసంఘం వేశారు. అందులో ఆరోగ్యాధికారి ఒకరు, రోడ్ల ఇంజనీరు ఒకరు, కాలేజీ నుంచి రసాయనశాస్త్రం లెక్చరరు సెలవులో ఉంటే ఆయన బదులు డ్రిల్లు మాస్టరు. వాళ్ళు నాణేల్ని పది నిమిషాలు చూసి, ఉప్మా తిని, ఒక నివేదిక రాశారు.

మరో నాలుగు రోజులకి భద్రాచారికి కబురొచ్చింది. నలభై ఒక్క వస్తువుల మురికి తొలగింపు పనికి జిల్లాలో అర్హత ఉన్న వెండి పనివాడు ఆయనొక్కడే. పని ఆయనకే ఇచ్చారు.

ఆయన వెళ్ళి షమీమ్ బల్ల ముందు కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నేను చెయ్యనమ్మా. ఎవడిచేతైనా చేయించుకోమను."

"మీరు కాదంటే గ్రానైటువాణ్ణి పిలుస్తారండీ" అంది ఆమె. తరవాత రెండు కాగితాలు ముందుకి లాక్కుంది. "ఉపసంఘం నివేదికండీ. చదువుతాను, వినండి. 'సదరు వస్తువుల ఉపరితలమంతయు నల్లగా ఉన్నది. లోపల ఎట్లున్నదో కనిపించుటలేదు. కనిపించనప్పుడు లోపల సైతం పైనున్నదే ఉన్నట్లు భావించవలెను. కావున సదరు వస్తువులు సంపూర్ణముగా మురికియే అని నిర్ధారించడమైనది.'"

"సంపూర్ణంగానా?"

"సంపూర్ణంగా. ఇది మీ పనికి సంబంధించిన ఉత్తర్వు. ఏడో షరతు. 'తొలగింపబడిన మురికి యావత్తును కాంట్రాక్టరు తన సొంత బాధ్యతపై తీసుకొనిపోవలెను. అట్టి మురికిపై ప్రభుత్వమునకు ఎట్టి హక్కును లేదు.'"

ఆమె మొహంలో ఏ భావమూ లేదు. రెండు కాగితాలూ మళ్ళీ మొదట్నించి చదివింది, అదే గొంతుతో.

"ఇంకోసారి చదవమంటారా?"

భద్రాచారి కండువాతో మొహం తుడుచుకున్నాడు. "అక్కర్లేదమ్మా" అన్నాడు.

కానీ ఆయన మోసం చేసే మనిషి కాదు. యాభై ఏళ్ళలో ఒక్క గురిగింజెత్తు వెండి తేడా చెయ్యలేదు. నేరుగా పరాంకుశరావు గారి గదిలోకి వెళ్ళి చేతులు కట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాడు.

"అయ్యా, మీ సంఘం వారి లెక్కన మురికంతా తీసేస్తే ఏమీ మిగలదండి."

"మిగలాలి. నలభై ఒక్క వస్తువులు ఉండాలి. మెరవాలి. సంఖ్య తగ్గితే నేను జవాబు చెప్పుకోవాలి."

"అయితే కొత్తవి చెయ్యాలండి. అదే కొలత, అదే తూకం, కొత్త వెండి."

"చెయ్యండి. కాంట్రాక్టరు పని అదే కదా. వెండి మాత్రం మేమివ్వం."

"నేనే పెట్టుకుంటానండి. పాతవి నేను తీసుకుపోతాను."

"పాతవి అనకండి. మురికి అనండి. ఫైలులో ఒక దానికి ఒకే మాట ఉండాలి."

"మురికి తీసుకుపోతానండి. ఆ ముక్క కాస్త రాసిప్పిస్తే..."

"రాసి ఇవ్వకుండా మురికిని ఎలా పంపిస్తామయ్యా!" అని ఆయనే ఆశ్చర్యపడి, సంతకం చేసి ముద్ర కొట్టించారు. పోయేటప్పుడు పిలిచి మరీ చెప్పారు. "మొత్తం తీసుకుపోవాలి. ఒక్కటి కూడా ఇక్కడ మిగలకూడదు."

ఒక్కటి కూడా మిగల్లేదు. భద్రాచారి నలభై ఒక్క బిళ్ళలూ ఒక్కోదాన్ని ఒక్కో గుడ్డముక్కలో చుట్టి రిక్షాలో ఇంటికి తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నాక గాని అసలు సంగతి గుర్తుకి రాలేదు. కిలోకి పైగా వెండి కావాలి. ఇంట్లో ఉన్న తుక్కు వెండి అంతా ఊడ్చినా పావుకిలో లేదు. పాత వినియోగదారుల్ని అడగడానికి మొహం చెల్లదు. అలా కుంపటి ముందు కూర్చుండిపోయాడు.

వైకుంఠమ్మ వంటింటి గడప మీద గోంగూర ఒలుస్తోంది. గుడ్డమూటలు చూసి, "మళ్ళీ వచ్చాయా? గవర్నమెంటుకి కూడా అక్కర్లేకపోయాయా?" అంది.

ఆయన జరిగింది చెప్పాడు. సంఘం, నివేదిక, ఏడో షరతు అన్నీ. ఆవిడ ఒలవడం ఆపింది.

"ఏమన్నారూ?"

"మురికని."

"దేన్ని?"

"వీటిని. సంపూర్ణంగా మురికని రాసి సంతకాలు కూడా పెట్టారు."

ఆవిడ లేచి నిలబడింది. గోంగూర ఒళ్ళోంచి జారిపోయింది.

"యాభై ఏళ్ళు నా దేవుడి గదిలో ఉన్నాయి అవి. శుక్రవారం శుక్రవారం ఆ అలమర కడిగింది నేను. పండక్కి పసుపు రాసింది నేను. ఇంట్లో అడుగుపెట్టినవాడెవడూ దుమ్ము రేణువు చూపించలేదు ఇంతవరకూ. యాభై ఏళ్ళు నేను మురికి పెట్టుకుని కాపరం చేశాననా వాళ్ళనేది?"

"నిన్ననలేదే..."

"ఇంకెవర్నన్నట్టు?"

విసవిసా లోపలికి పోయింది. ట్రంకుపెట్టె మూత చప్పుడైంది. కాసేపటికి ఒడినిండా వెండితో వచ్చి కుంపటి పక్కన గుమ్మరించింది. పెళ్ళినాటి పళ్ళెం, కలశం చెంబు, కుంకుమ భరిణ, పన్నీరుబుడ్డి, ఎప్పుడో తీసి దాచిన కాలి కడియాలు.

భద్రాచారి పళ్ళెం చేతిలోకి తీసుకున్నాడు. "పళ్ళెం మీ అమ్మ పెట్టింది కదే" అన్నాడు.

"తెలుసు. అందుకే చెబుతున్నా, జాగ్రత్తగా కరిగించండి" అని, మొహం అటు తిప్పుకుని గోంగూర ఏరుకోడం మొదలెట్టింది.

అచ్చులు చెక్కడానికి మూడు వారాలు పట్టింది. గుర్రం చేశాడు, సింహం చేశాడు, స్తంభాలు చేశాడు. గుర్రం తోక దగ్గర మాత్రం ఆ పాతకాలపు కంసాలిని దాటలేకపోయాడు, దాటాలని కూడా అనిపించలేదు. చిక్కల్లా రాజుల మొహాలతో వచ్చింది. కొన్ని బిళ్ళల మీద అరిగిపోయి ముక్కో చెవో తప్ప మిగల్లేదు. ఆయనకి తెలిసిన దొరల మొహాలు ఎన్నున్నాయి గనక! ఒక రాజుకి పోస్టుమాస్టరు చెవులొచ్చాయి. ఒక రాణికి వైకుంఠమ్మ ముక్కుపుడక వచ్చింది. దవడ దొరని చెక్కేటప్పుడు, ఆ దవడ పోగొట్టిన మనిషే కళ్ళముందు మెదిలి, రెండు వరసల గడ్డంతో పరాంకుశరావు గారే దిగిపోయారు. చెక్కాక చూసుకుని భద్రాచారి కాస్త జంకాడు. చెరపబోయి ఊరుకున్నాడు. దొరతనం బాగా వచ్చింది. చివరగా ప్రతి బిళ్ళ అంచునా సన్నగా "భ.ఆ." అని తన పేరు పొడి అక్షరాలు వేశాడు. ఎవరి పనికి వారు పేరు పెట్టుకోవాలని ఆయన పట్టుదల.

నలభై ఒక్కటీ మఖమలు మీద పెట్టగానే యాప్ వంద చూపించింది. జిల్లా అట్టడుగునుంచి అగ్రస్థానానికి వచ్చింది. కమిషనరు గారు స్వయంగా చూడ్డానికి వచ్చారు. బాజాలు, పూలదండలు, వేదిక. భద్రాచారిని మూడో వరసలో కూర్చోబెట్టారు. కమిషనరు గారు భూతద్దం పెట్టి వంగి, "ఈ భ.ఆ. ఏమిటి?" అని అడిగారు.

భద్రాచారి చెప్పడానికి లేవబోయాడు. ఆలోగానే పరాంకుశరావు గారు అందుకున్నారు. "భద్రతకై ఆమోదించబడినది అండి."

"బాగుంది. ఇదెవరు?"

"ఆస్ట్రియా చక్రవర్తి అండి."

"ఏం రాజసం! చూడగానే తెలుస్తోంది, పాలించే మొహం."

పరాంకుశరావు గారు ఆ నాణెం వైపు చాలాసేపు తృప్తిగా చూశారు. ఎందుకో ఆ చక్రవర్తి మీద ఆయనకి చెప్పలేని అభిమానం పుట్టింది. మెరుపు పతకం ఆయన మెడలో పడింది. షమీమ్ మీద చర్య కూడా ఎత్తేశారు. ఆమె సమర్థించిన మురికి ఇప్పుడు లేదు కాబట్టి, లేని మురికిని సమర్థించడం నేరం కాదని తేల్చారు.

ఇంతటితో పోతే బాగానే ఉండేది. కానీ ప్రభుత్వం వారు ఒక వస్తువుని మురికని ఒకసారి రాశాక దాన్ని అంత తేలిగ్గా వదిలిపెట్టరు.

నెల తిరక్కుండా పురపాలక సంఘం పారిశుధ్య ఇన్‌స్పెక్టరు సైకిలు దిగి భద్రాచారి తలుపు తట్టాడు. పేరు ప్రభుదాసు. బక్కపలచని మనిషి, జేబులో మూడు పెన్నులు. చేతిలో నోటీసు.

"ప్రదర్శనశాల నుంచి కిలోకి పైగా మురికి మీ ఇంటికి తరలించినట్టు మాకు ఉత్తర్వు ప్రతి వచ్చిందండి. నివాస గృహంలో మురికి ఉంచుకోకూడదు. డంపింగు యార్డుకి చేర్చి, పారబోస్తున్నట్టు ఫోటో ఎక్కించాలి. మూడు రోజులు గడువు."

భద్రాచారి దేవుడి గది అలమర వైపు చూశాడు. చెత్తకుప్పల మధ్య, పొగలో, గుర్రబ్బాయి... వైకుంఠమ్మ గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"నా ఇంట్లో మురికుందని వచ్చిన రెండోవాడివి నువ్వు. రా. వచ్చి చూపించు. గోరంత చూపించినా ఇల్లు రాసిస్తాను."

"అమ్మా, నేను అనట్లేదండి, కాగితం అంటోంది" అన్నాడు ప్రభుదాసు, చెప్పులు విప్పుతూ.

భద్రాచారి అలమర తీశాడు. గుడ్డమూటలు ఒక్కోటీ విప్పి చాప మీద పరిచాడు. దాచలేదు, అబద్ధం చెప్పలేదు. ఏది ఎవరింటి గోడలో దొరికిందీ, ఎవరి పిల్ల పట్టాల కోసం వచ్చిందీ చెప్పుకుంటూ పోయాడు. ప్రభుదాసు మొదట నిలబడి విన్నాడు. తరవాత కూర్చున్నాడు. గుర్రబ్బాయిని అరచేతిలో పెట్టుకుని కిటికీ వెలుగుకి తిప్పి తిప్పి చూశాడు.

"తోక చూడు" అన్నాడు భద్రాచారి.

"చూస్తున్నానండి." చాలాసేపటికి తలెత్తాడు. "ఇరవై ఆరేళ్ళ సర్వీసండి నాది. ఇంత మంచి మురికి నేను చూళ్ళేదు."

చదునైపోయిన దవడ దొరని కూడా చూశాడు. ఏం జరిగిందని అడగలేదు. అడక్కుండానే అర్థమైనట్టు మెల్లిగా కింద పెట్టాడు.

"యార్డుకి పంపక తప్పదా బాబూ?"

ప్రభుదాసు సంచీలోంచి నిబంధనల పుస్తకం తీసి, వేలు తడిచేసుకుంటూ పేజీలు తిప్పాడు. "ఇది తడి చెత్తాండి, పొడి చెత్తా?"

"పొడే కదా."

"వాసన?"

"లేదు."

"ఈగలు?"

"నా ఇంట్లోనా!" అంది వైకుంఠమ్మ.

"అయితే ఒక దారి ఉందండి. పొడి చెత్తని ఉత్పత్తిదారు తన దగ్గరే ఉంచుకోవచ్చు. ఆ చోటుని పొడి చెత్త నిల్వ కేంద్రంగా నమోదు చేయించాలి. షరతులున్నాయి. గాలి, వెలుతురు ఉండాలి. అద్దం మూత ఉన్న పెట్టెలో వేరువేరుగా ఉంచాలి. ఒక్కోదాని మీదా ఎక్కడినుంచి వచ్చిందో చీటీ అంటించాలి. పది నుంచి అయిదు దాకా ప్రజలు వచ్చి తనిఖీ చేసుకోడానికి తెరిచి ఉంచాలి. వచ్చినవాళ్ళ పేర్లు పుస్తకంలో రాయించాలి."

సాయంత్రం షమీమ్ వచ్చి ఆ షరతులు చదివింది. ఆ పక్షోత్సవాలు మొదలైన దగ్గర్నించి ఆ పిల్ల నవ్వగా చూళ్ళేదు భద్రాచారి. ఇప్పుడు గోడకి చేరబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"ఆచారి గారూ, ఇవి ప్రదర్శనశాల నిబంధనలండీ. మాకే సగం లేవు."

వారం రోజుల్లో వీధి గదికి నమోదు పత్రం వచ్చింది. అద్దాల పెట్టె పురపాలక సంఘమే ఇచ్చింది. పొడి చెత్తకి నీలిరంగని నిబంధన కాబట్టి దానికి నీలిరంగు వేసి మరీ ఇచ్చారు. చీటీలు షమీమ్ రాసింది. గుమ్మం పక్కన మేకులు కొట్టి రేకు బోర్డు తగిలించారు: "పొడి చెత్త నిల్వ కేంద్రం నెం. 17. చూచు వేళలు 10 - 5." ఆ బోర్డు కింద వైకుంఠమ్మ రోజూ రెండుసార్లు కడిగి ముగ్గు పెట్టేది, ఎవరైనా ఏమైనా అంటారేమో చూద్దామన్నట్టు.

ప్రదర్శనశాలకి హాలండు నుంచి ఒకావిడ వచ్చింది. పాత నాణేలు చదివే మనిషట. తళతళలాడే నలభై ఒక్కింటినీ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని చూసింది, మర్యాదగా తలూపింది, ఆస్ట్రియా చక్రవర్తి దగ్గర మాత్రం కొంచెం ఎక్కువసేపు ఆగింది. పరాంకుశరావు గారు కాఫీకి లేవగానే షమీమ్ ఆవిణ్ణి ఆటో ఎక్కించి, డ్రైవరుకి "చెత్త కేంద్రం" అని చెప్పింది. ఆవిడ పొద్దున పదకొండింటికి చాప మీద కూర్చుని అయిదింటికి లేచింది. మధ్యలో వైకుంఠమ్మ పెట్టిన పులిహోర రెండుసార్లు వడ్డించుకుంది. పోయేటప్పుడు భద్రాచారి చేతులు పట్టుకుని ఏదో అంది. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు, మొత్తం అర్థమైంది. పుస్తకంలో సంతకం పెట్టి, "చెత్త పరిస్థితి" అన్న గడిలో ఆవిడ ఏదో పొడుగ్గా రాసింది. ప్రభుదాసు నెలాఖరుకి వచ్చి దాని కింద "సంతృప్తికరం" అని రాసి ముద్ర కొట్టాడు.

ఆ మర్నాడు రేవు పాలెం నుంచి ఒక ముసలామె వచ్చింది. తల మీద ఖాళీ చేపల బుట్ట, చెంగు చివర ముడి. గుమ్మం బయటే ఆగి లోపలికి తొంగిచూసింది.

"అయ్యా, ఇక్కడ చెత్త తీసుకుంటారంట గదా?"

భద్రాచారి ఏదో అనేలోపే చెంగు ముడి విప్పింది. గోడ పడితే దొరికిందట. వంకరగా, గుండ్రం కూడా కాని నల్లటి ముక్క. మీద ఒక శిలువ, దాని మూలల్లో చిన్న చిన్న సింహాలు, కోటలు. ఆయన దాన్ని అందుకుని వెలుగుకి తిప్పి చూశాడు. అటువంటిది ఆయన దగ్గర లేదు. దానికి బదులుగా ఇవ్వడానికి ఇంట్లో ఇప్పుడు ఒక్క తులం వెండి కూడా లేదు. ఊరుకుంటే సరిపోయేది. ఆ ముసలామె పడేసి పోయేది.

"అమ్మా, ఇది చెత్త కాదు. వెండి. మంచి వెండి. దీనికి వెల ఉంటుంది" అన్నాడు.

ఆమె ఆయన్నీ, తలుపు పక్కన రేకునీ మార్చి మార్చి చూసింది. "మరి బోర్డు మీద చెత్తని రాసుందంట?"

లోపల్నించి వైకుంఠమ్మ తడిచేతులు చెంగుకి తుడుచుకుంటూ వచ్చి, చాప మీద కూర్చుని పక్కన చోటు చూపించింది.

"బోర్డు గవర్నమెంటు రాసింది. నువ్వు లోపలికి రా."